ఆయమ్మకు అర్థమయ్యేలా చెప్పగలరా?

"ఈ స్టడీ గురించి ఆమెకు చెప్పండి. ఒప్పుకుంటే సంతకం తీసుకోండి. పది నిమిషాలు టైమ్."

వార్డులో పనిచేసే ఆయమ్మను ఇంటర్వ్యూ గదిలోకి పిలిపించి, నా ఎదురుగా కుర్చీ వేయించి, ప్యానెల్లోని డాక్టరుగారు అన్న మాటలివి. నా చేతిలో ఇంగ్లిష్‌లో అచ్చయిన నాలుగు పేజీల సమ్మతి పత్రం. అప్పటిదాకా పైథాన్, ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ అంటూ ధీమాగా మాట్లాడినవాణ్ని. గొంతు సవరించుకుని మొదలుపెట్టా.

"అమ్మా, ఇది ఒక ర్యాండమైజ్డ్ స్టడీ. మీరు ఇంటర్వెన్షన్ గ్రూప్‌లో ఉండొచ్చు, కంట్రోల్ గ్రూప్‌లోనైనా ఉండొచ్చు. మీ డేటా అంతా కాన్ఫిడెన్షియల్. ఎప్పుడు కావాలంటే అప్పుడు విత్‌డ్రా అవ్వొచ్చు..."

ఆమె ఓపిగ్గా విన్నది. చివరికి డాక్టరుగారి వైపు తిరిగి, "నాకొక్క ముక్క సమజ్ గాలే సారూ. మంచి పిలగాడే గానీ..." అని ఆగిపోయింది.

ఆ ఉద్యోగం నాకు రాలేదని వేరే చెప్పాలా?

అది 2021. నేను గుంటూరు జిల్లాలోని ఓ కాలేజీలో 2019లో బీటెక్ ఈసీఈ పూర్తిచేశా. క్యాంపస్‌లో ఓ కంపెనీకి సెలెక్టయ్యా కానీ జాయినింగ్ లెటర్ ఈ నెలా, వచ్చే నెలా అంటూనే కొవిడ్ వచ్చిపడింది. నాన్నది వ్యవసాయం. మొదట్లో రోజూ "ఆ లెటర్ వచ్చిందా?" అని అడిగేవారు. తర్వాత అడగడం మానేశారు. అడిగినప్పటికంటే అదే ఎక్కువ కష్టంగా ఉండేది. ఆ సమయంలో కనిపించింది హైదరాబాద్‌లోని ఓ ఆసుపత్రి పరిశోధన విభాగం ప్రకటన. రిసెర్చ్ అసిస్టెంట్ కావాలి, ఏదైనా డిగ్రీ, డేటా మీద పనిచేయడం వచ్చి ఉండాలి, తెలుగు ధారాళంగా మాట్లాడగలగాలి. ఆ చివరి లైన్‌ను నేను అసలు పట్టించుకోలేదు. తెలుగువాణ్నే కదా!

ఇంతకీ ఈ ఉద్యోగంలో ఏం చేస్తారు?

ఆసుపత్రి అనగానే డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ వాళ్లే గుర్తొస్తారు. కానీ ఒక మందు పనిచేస్తుందా, ఫలానా ఊళ్లలో షుగర్ ఎంతమందికి ఉంది, రోజూ ఫోన్లో గుర్తుచేస్తే రోగులు బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటారా... ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతకాలంటే వందలు, వేలమందిని కలవాలి, వివరాలు రాసుకోవాలి, వాటిని కంప్యూటర్లో ఎక్కించాలి, తప్పులు పట్టుకోవాలి, ఏడాది తర్వాత మళ్లీ అదే మనిషిని వెతికి పట్టుకోవాలి. ఈ పనుల్లో చాలా భాగం రిసెర్చ్ అసిస్టెంట్‌దే. లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, నర్సింగ్, సోషల్ వర్క్, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు ఎక్కువగా వస్తారు. ఇంజినీర్లకూ చోటుంది. యాప్‌లు, సెన్సర్లు, పెద్ద డేటాబేస్‌లు ఉన్న ప్రాజెక్టుల్లో అయితే మరీనూ.

సాఫ్ట్‌వేర్ జీతాలతో పోలిస్తే తక్కువే, దాచడం దేనికి? ఐసీఎంఆర్ ప్రాజెక్టుల్లో ఇప్పుడు ఇలాంటి పోస్టులకు 'ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్' అని పేరు. అందులో మూడో స్థాయికి నెలకు 28 వేలు, దానిపైన హెచ్‌ఆర్‌ఏ. పీజీ గానీ, డిగ్రీతోపాటు మూడేళ్ల అనుభవం గానీ అడుగుతారు. నాలుగేళ్ల ఇంజినీరింగ్ ఫస్ట్ క్లాసులో పాసైతే చాలని చాలా ప్రకటనల్లో ఉంటుంది. 'రిసెర్చ్ అసిస్టెంట్' అని మాత్రమే వెతికితే ఇవి మీ కంట పడవు.

పదిహేడు వరుసలు

ఆయమ్మ దాకా రాకముందే నేను సగం మునిగానని తర్వాత తెలిసింది. ఇంటర్వ్యూకి ముందు అరగంట కంప్యూటర్ టెస్ట్ పెట్టారు. రెండొందల మంది బీపీ వివరాలున్న ఎక్సెల్ షీట్ ఇచ్చి 'దీన్ని శుభ్రం చేయండి' అన్నారు. తప్పులు కావాలనే పెట్టారు. ఒకాయన వయసు 210. ఒకచోట పై బీపీ 14. మగవారికి ఎదురుగా 'గర్భవతి: అవును'. ఒకే నంబరుతో ఇద్దరు. 03/04 అని తేదీ, అది మార్చి నాలుగో, ఏప్రిల్ మూడో దేవుడికే తెలియాలి.

నాకు ఇదంతా పిల్లాట అనిపించింది. పది నిమిషాల్లో తేడాగా ఉన్న 17 వరుసలు తీసేశా. 14ని 140 చేశా. తేదీలన్నీ ఒకే పద్ధతిలోకి మార్చేశా. అదే ఫైలు సేవ్ చేసి ఇచ్చేశా. ఇంకా ఇరవై నిమిషాలు మిగిలాయని లోపల గర్వం కూడా.

ప్యానెల్లో స్టాటిస్టిక్స్ మేడమ్ ఒకరున్నారు. నా షీట్ చూస్తూ నెమ్మదిగా అడిగారు. "14 ఉన్నచోట 140 పెట్టారు. 114 ఎందుకు కాకూడదు?" నా దగ్గర సమాధానం లేదు. "ఈ 17 మంది ఎండలో క్యూలో నిలబడి, రక్తం ఇచ్చి వెళ్లినవాళ్లు. వాళ్లను తీసేసే హక్కు మీకెవరిచ్చారు?"

ఆవిడ గొంతు పెంచలేదు. కానీ చెవులు వేడెక్కాయి.

ఆ టెస్టులో వాళ్లు చూసేది మీకు ఎక్సెల్ ఫార్ములాలు వచ్చా రావా అని కాదు. ముందు అసలు ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, కాపీ మీద పనిచేస్తారా అని. అనుమానం ఉన్న ప్రతిదాన్నీ జాబితాగా రాసి, 'కాగితం ఫారం చూడాలి', 'ఫీల్డ్ వర్కర్‌ను అడగాలి' అని పక్కన నోట్ పెడతారా అని. ఏదైనా మారిస్తే ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో కనిపించాలి. రెడ్‌క్యాప్ లాంటి పరిశోధన సాఫ్ట్‌వేర్లు ఈ చరిత్రంతా వాటంతటవే దాస్తాయి. కాగితం మీదైతే తప్పు అంకె మీద ఒకే ఒక్క గీత గీసి, అది ఇంకా చదవగలిగేలా ఉంచి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం, తేదీ పెట్టాలి. వైట్‌నర్ వాడారో, మీ పని అయిపోయినట్టే. మేడమ్ ముందు 'ఇవి నేను మార్చలేదు మేడమ్, ఈ పదిహేడూ అడిగి తెలుసుకోవాలి' అని ఉంటే టెస్ట్ పాసయ్యేవాణ్ని. తక్కువ పనిచేసి ఎక్కువ మార్కులు తెచ్చుకునే అవకాశం జీవితంలో అరుదుగా వస్తుంది, అది కాస్తా పోగొట్టుకున్నా.

ఆవిడే అడిగిన ఇంకో ప్రశ్న ఇక్కడ చెప్తా. తర్వాత నేను వెళ్లిన చోటా ఇదే అడిగారు కాబట్టి. "ఒక షుగర్ పరీక్ష ఉంది. జబ్బున్న వందమందిలో 90 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేని వందమందిలో 90 మందికి లేదనే చెప్తుంది. ఒక ఊళ్లో వెయ్యిమంది ఉన్నారు, అందులో 5 శాతం మందికి షుగర్ ఉంది. పరీక్షలో ఉందని వచ్చిన మనిషికి నిజంగా షుగర్ ఉండే అవకాశం ఎంత?"

నేను ఠక్కున 90 శాతం అన్నా. మీరూ అదే అనుకుంటున్నారా? కాగితం తీసుకోండి. వెయ్యిమందిలో జబ్బున్నవాళ్లు 50. వాళ్లలో 45 మందికి ఉందని వస్తుంది. జబ్బు లేనివాళ్లు 950. వాళ్లలో పదిశాతానికి, అంటే 95 మందికి, లేకపోయినా ఉందని వస్తుంది. మొత్తం 'ఉంది' అని వచ్చినవాళ్లు 140. నిజంగా ఉన్నవాళ్లు 45. అంటే సుమారు 32 శాతం! ముగ్గురిలో ఇద్దరిని ఊరికే భయపెట్టినట్టు. సూత్రం బట్టీ పట్టక్కర్లేదు. వెయ్యిమందిని ఊహించుకుని లెక్క వేయడం అలవాటు చేసుకుంటే చాలు. మీన్‌కీ మీడియన్‌కీ తేడా, పి-వాల్యూ అంటే ఏమిటి అన్నవి కూడా ఇలాగే మామూలు మాటల్లో చెప్పగలగాలి.

నాయనమ్మే నా ప్యానెల్

హైదరాబాద్ నుంచి తిరుగు రైల్లో ఆయమ్మ మాటే చెవుల్లో తిరిగింది. టెక్నాలజీ గురించి తెలుగులో బ్లాగు రాసేవాణ్ని, నా మాట ఒక తెలుగు మనిషికి అర్థం కాలేదు.

ఇంటికెళ్లాక ఆన్‌లైన్‌లో దొరికిన ఓ నమూనా సమ్మతి పత్రం తీసుకుని నాయనమ్మ ముందు కూర్చున్నా. మొదటిసారి వింటూ వింటూ నిద్రపోయింది. రెండోసారి "ఒరేయ్, ఇంతకీ నన్నేం చెయ్యమంటావు, అది చెప్పు ముందు" అంది. అది చాలా మంచి సలహా అని అప్పుడు తెలియలేదు. మీరు ఏం చేయాలి, ఎన్నిసార్లు రావాలి, ఎంత రక్తం తీస్తారు, నొప్పి ఉంటుందా, ఏమైనా ఇబ్బంది వస్తే ఎవరు చూస్తారు... మామూలు మనిషి మొదట అడిగేవి ఇవే.

'ర్యాండమైజేషన్'కి తెలుగు పదం వెతుకుతూ కూర్చోకుండా, "చీట్లు వేసి తీసినట్టు నాయనమ్మా. ఎవరికి ఏ చీటీ వస్తుందో నాకూ తెలీదు, డాక్టరుకీ తెలీదు" అన్నా. వెంటనే అర్థమైంది. 'ప్లసీబో'ని "చూడ్డానికి అచ్చం ఆ మాత్రలాగే ఉంటుంది కానీ లోపల మందు ఉండదు" అన్నా. అప్పుడొచ్చాయి అసలు ప్రశ్నలు. "మరి నాకు ఆ ఉత్తి మాత్ర వస్తే?" "నేను చేరనంటే డాక్టరు కోప్పడడా? రేపు జబ్బు చేస్తే మళ్లీ ఆయన దగ్గరికేగా పోవాలి?"

ఆ రెండో ప్రశ్నే సమ్మతికి ప్రాణం. చేరకపోయినా, మధ్యలో మానేసినా వాళ్లకు అందే వైద్యంలో తేడా రాకూడదు, ఆ మాట వాళ్లకు నమ్మకం కలిగేలా చెప్పాలి. 2017లో ఐసీఎంఆర్ ప్రచురించిన జాతీయ నైతిక మార్గదర్శకాల్లో ఇదంతా వివరంగా ఉంటుంది. చదవడం రానివాళ్లయితే వేలిముద్రతో పాటు, పరిశోధన బృందానికి సంబంధం లేని సాక్షి ఉండాలి. పత్రం కాపీ ఒకటి వాళ్ల చేతికివ్వాలి.

ఇదంతా ఫార్మాలిటీ అనుకునేవాళ్లకు ఒక్క సంగతి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, ఖమ్మం జిల్లాలో 2009లో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేసే ఓ అధ్యయనం జరిగింది. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్ల సంతకాలతో పిల్లలకు టీకాలు వేశారని బయటపడింది. 2010లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దానిపై ఘాటుగా నివేదిక ఇచ్చింది. ఆ కాగితాల దొంతర చేతపట్టుకుని హాస్టల్‌కి వెళ్లింది ఎవరై ఉంటారు? మనలాంటి ఫీల్డ్ స్టాఫే. అందుకే ఇంటర్వ్యూలో దీన్ని అంత పట్టుబట్టి చూస్తారు.

చదవడానికి ఇంకేం చేశానంటే, చెన్నైలోని ఐసీఎంఆర్ జాతీయ ఎపిడమాలజీ సంస్థ వాళ్ల 'హెల్త్ రిసెర్చ్ ఫండమెంటల్స్' కోర్సు ఎన్‌పీటెల్‌లో చేశా. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. ఆ తర్వాత సీటీఆర్ఐ, అంటే మన దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ. 2007 నుంచి ఉంది, ఎవరైనా చూడొచ్చు. మీరు ఇంటర్వ్యూకి వెళ్లే సంస్థ పేరుతో వెతికితే వాళ్లు ఏ జబ్బు మీద, ఎంతమందిపై, ఏం చేస్తున్నారో తెలిసిపోతుంది. మొదటిసారి డాక్టరుగారు "మా పని ఏదైనా చదివారా?" అంటే నేను "హెల్త్‌కేర్ నా ప్యాషన్ సార్" అన్నవాణ్ని. దయచేసి ఆ మాట మాత్రం అనకండి.

రెండోసారి

నాలుగు నెలల తర్వాత ఇంకో సంస్థ. ఊళ్లలో ఇంటింటికీ తిరిగే సర్వే. ఈసారి ప్యానెల్ ఎక్సెల్ జోలికి ఎక్కువ పోలేదు. కథలు చెప్పి, ఏం చేస్తారని అడిగారు.

"రోజుకు ఇరవై ఇళ్లు టార్గెట్. సాయంత్రం ఆరయింది. పద్నాలుగే అయ్యాయి. మిగతా ఆరిళ్లకు తాళాలు. సూపర్‌వైజర్ ఫోన్ చేసి ఎలాగోలా పూర్తిచేయమంటున్నాడు."

పద్నాలుగే అయ్యాయని రాస్తానన్నా. పక్కింట్లో ఎవరో ఉన్నారు కదా, వాళ్లను రాసుకోవచ్చుగా అన్నారు. కుదరదన్నా. పగలు తాళం వేసి ఉండేవాళ్లంటే కూలికి పోయేవాళ్లు. వాళ్లను వదిలేసి ఇంట్లో ఉండేవాళ్లనే రాసుకుంటే ఊరి లెక్క మొత్తం వంకరపోతుంది. పొద్దున్నే ఆరింటికి మళ్లీ వెళ్తా, ఆశా కార్యకర్తను అడిగి వాళ్లు ఎప్పుడు ఇంట్లో ఉంటారో కనుక్కుంటా అన్నా. ఈ చివరి మాట నాకు పుస్తకంలో దొరకలేదు, మా ఊళ్లో ఆశా అక్కను చూసి తెలిసింది. ప్యానెల్లో ఒకాయన అప్పుడే మొదటిసారి ఏదో రాసుకున్నారు.

"ఫారం నింపుతుంటే ఆయన 'నాకు పొద్దున్నుంచి గుండెల్లో నొప్పిగా ఉంది బాబూ' అన్నాడు. ఇంకా ముప్ఫై ప్రశ్నలున్నాయి." ఫారం మూసేస్తా. 108కి ఫోన్ చేస్తా, స్టడీ డాక్టరుకు చెప్తా, మనిషిని ఒంటరిగా వదలను. మాత్ర ఏదైనా చెప్తారా అన్నారు. చెప్పను, నేను డాక్టర్ని కాదు అన్నా. చాలామంది ఇక్కడే జారిపోతారట. మెడలో సంస్థ ఐడీ కార్డు, చేతిలో బీపీ మెషీన్ ఉంటే ఊళ్లో అందరూ 'డాక్టరు బాబు' అనే పిలుస్తారు. ఆ పిలుపు వినడానికి బాగానే ఉంటుంది.

"కేస్ షీట్ ఫొటో తీసి టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టమని తోటివాడు అడిగితే?" పెట్టను. పేరు, ఫోన్ నంబరు ఉన్న కాగితం ఒక్కటి బయటికి పోయినా మనిషి పరువు పోవచ్చు, క్షయ, హెచ్‌ఐవీ లాంటివైతే ఇల్లే కూలిపోవచ్చు. ఇప్పుడైతే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించీ అడుగుతున్నారు. చట్టం పేరు చెప్పి ఆగకుండా, పేర్లు తీసేసి నంబర్లతో మాత్రమే పనిచేయడం, పేర్ల జాబితాను వేరేగా తాళంలో ఉంచడం లాంటివి చెప్పండి.

ఇక అందరికీ ఎదురయ్యే ప్రశ్న. "సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే వెళ్లిపోతారుగా?"

మొదటి ఇంటర్వ్యూలో 'ఎప్పటికీ వెళ్లను సార్' అన్నా. ఎవరూ నమ్మలేదు, నేనూ నమ్మలేదు. రెండోసారి ఉన్నదున్నట్టు చెప్పా. "ఇంట్లో డబ్బు అవసరం ఉంది సార్. పదేళ్లుంటానని మాటివ్వలేను. కానీ ఈ సర్వే పూర్తయ్యేదాకా మధ్యలో వదలను." ఆయన తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. అది మంచికా చెడుకా అని ఆ రాత్రంతా నిద్రపట్టలేదు.

ఎక్కడ వెతకాలి?

హైదరాబాద్ తార్నాకలో ఐసీఎంఆర్ జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు, నిమ్స్ ప్రాజెక్టు పోస్టులకు ప్రకటనలిస్తుంటాయి. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ లాంటి చోట్లా పరిశోధన జరుగుతుంది. వాళ్ల వెబ్‌సైట్లలో 'కెరీర్స్' పేజీ వారానికోసారి చూడండి. చాలావరకు వాకిన్ ఇంటర్వ్యూలు, ప్రకటనకూ తేదీకీ మధ్య వారం పది రోజులే ఉంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు, జిరాక్సుల సెట్టు, ఫొటోలు ముందే సిద్ధంగా పెట్టుకోండి. దారి ఖర్చులు సాధారణంగా ఇవ్వరు. పొద్దున తొమ్మిదికి రమ్మంటే మీ వంతు సాయంత్రం నాలుగింటికి రావచ్చు, కాబట్టి టిఫిన్ చేసి వెళ్లండి. నవ్వకండి, నేను కళ్లు తిరిగి కూర్చున్న రోజుంది.

మీరు కూడా వాళ్లను అడగాలి. ఫీల్డ్ వర్క్ ఎన్ని రోజులు? ప్రయాణ ఖర్చు ఎవరిది? అనుభవ పత్రం ఇస్తారా? పేపర్ ప్రచురించినప్పుడు పేరు ఉంటుందా అని కూడా మర్యాదగా అడగొచ్చు. డేటా సేకరించినంత మాత్రాన పేరు రాదు, విశ్లేషణలో, రాయడంలో పాలుపంచుకోవాలి. ఆ అవకాశం ఇస్తారా అన్నదే మీ ప్రశ్న. అన్నిటికంటే ముఖ్యమైంది, ఈ పోస్టులన్నీ ప్రాజెక్టుకు కట్టేసి ఉంటాయి. నిధులు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది.

రెండో ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు ధైర్యం చేసి అదే అడిగా. "సార్, ఈ ప్రాజెక్టుకు ఇంకా ఎన్ని నెలల డబ్బుంది?"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్దాయన నవ్వి, "పదకొండు" అన్నారు.

నెలకు 22 వేలు. వారం తర్వాత మెయిల్ వచ్చింది. నాన్నకు ఫోన్ చేసి చెప్తే, "పదకొండు నెలలేనా?" అన్నారు. కాసేపాగి, "సరేలే, చేరు. నాయనమ్మకు నువ్వే చెప్పు, నీకు చదువు చెప్పింది తనేనని ఊరంతా చెప్పుకుంటోంది" అన్నారు.